పెట్టె మీద 107 కోట్ల రంగులు, స్క్రీన్ మీద 8-బిట్: మినీ పీసీలో కలర్ డెప్త్ ఎక్కడ తగ్గిపోతుంది?

బెంగళూరు అద్దె ఇళ్లలో పెద్ద సీపీయూ టవర్‌కి చోటు చూడటం కష్టమే. అందుకే మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్లలో చాలామంది ఇప్పుడు అరచేతి మందం ఉండే మినీ పీసీలకు మారారు. కొందరు మ్యాక్ మినీ కొంటారు, కొందరు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డబ్బా ఒకటి తెచ్చుకుంటారు. వారమంతా ఆఫీసు పని చేసుకుని, శని ఆదివారాల్లో పెళ్లిళ్లకు, బారసాలలకు ఫొటోలు తీసేవాళ్లు ఆ చిన్న డబ్బాకి 27 అంగుళాల 4కే మానిటర్ తగిలించి ఎడిటింగ్ మొదలుపెడతారు. అక్కడే ఒక టెన్షన్ మొదలవుతుంది. మానిటర్ పెట్టె మీద ‘10-బిట్, 107 కోట్ల రంగులు’ అని రాసి ఉంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే ‘బిట్ డెప్త్: 8-బిట్’ అని కనిపిస్తుంది.

మానిటర్ పాడైందా, అమ్మినవాడు మోసం చేశాడా అన్న అనుమానం రావడం సహజమే. చాలాసార్లు రెండూ కావు. కలర్ డెప్త్‌ని మానిటర్ ఒక్కటే నిర్ణయించదు. ఫొటో ఫైల్ దగ్గర మొదలై ప్యానెల్‌లోని చుక్క దాకా వెళ్లే దారిలో ఎక్కడ అన్నిటికన్నా ఇరుకుగా ఉంటే, చివరికి మన కంటికి చేరేది అంతే. పైగా ఫొటోలకు నిజంగా నష్టం చేసేది చాలాసార్లు ఆ 8, 10 అంకెలు కానే కావు. పక్కనే ఎవరూ చూడని ఇంకో రెండు సెట్టింగులు ఉంటాయి, అవి.

బిట్లు అంటే ఎన్ని మెట్లు?

స్క్రీన్ మీద ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతులు ఉంటాయి. ఒక్కో కాంతిని ఎన్ని స్థాయుల్లో పెంచి తగ్గించగలమో చెప్పేదే బిట్ డెప్త్. 6 బిట్లయితే 64 స్థాయులు, 8 బిట్లయితే 256, 10 బిట్లయితే 1,024. మూడింటినీ కలిపి లెక్కేస్తే 8-బిట్‌లో 1,67,77,216 రంగులు వస్తాయి, 10-బిట్‌లో 107,37,41,824. పెట్టె మీద రాసే 107 కోట్లు ఇదే.

దీనికీ కలర్ గ్యామట్‌కీ చాలామంది ముడిపెడతారు. అలిపిరి నుంచి కొండెక్కే దారిని తలుచుకుంటే తేడా తెలుస్తుంది. కొండ ఎంత ఎత్తు అన్నది గ్యామట్: ఎంత చిక్కటి ఎరుపు, ఎంత పచ్చటి పచ్చ చూపగలదు అన్నమాట. ఎస్‌ఆర్‌జీబీ కొంచెం చిన్న కొండ, అడోబ్ ఆర్‌జీబీ, డీసీఐ-పీ3 దానికన్నా పెద్దవి. ఆ ఎత్తుని ఎన్ని మెట్లుగా కోశారు అన్నది బిట్ డెప్త్. మెట్లు పెంచినంత మాత్రాన కొండ ఎత్తు పెరగదు. కాబట్టి 8 నుంచి 10 బిట్లకు మారితే పట్టుచీర ఎరుపు ఇంకా చిక్కగా కనిపిస్తుందని ఆశపడితే నిరాశే. కానీ అదే 256 మెట్లతో పెద్ద కొండ ఎక్కాలంటే ఒక్కో మెట్టు ఎత్తవుతుంది. గ్యామట్ ఎక్కువ ఉన్న మానిటర్‌లో 8-బిట్ చారలు కాస్త తొందరగా కంటపడేది ఇందుకే.

అంకెల గజిబిజి ఇంకోటుంది. విండోస్‌లోనే పాత ‘లిస్ట్ ఆల్ మోడ్స్’ పెట్టె తెరిస్తే ‘ట్రూ కలర్ 32 బిట్’ అని వస్తుంది. అది చూసి 10-బిట్ కన్నా గొప్పదనుకునేవాళ్లు ఉన్నారు. ఒక్కో కాంతికి 8 చొప్పున మూడిటికి 24, జాగా కోసం కలిపిన ఇంకో 8, మొత్తం 32. అంటే అది మామూలు 8-బిట్టే. 10-బిట్‌ని అదే పద్ధతిలో లెక్కేస్తే 30-బిట్ అంటారు. ఫొటోషాప్ సెట్టింగ్స్‌లో కనిపించే ‘30 బిట్ డిస్‌ప్లే’ ఇదే.

నంది హిల్స్ ఆకాశంలో చారలు

ఈ మెట్ల తేడా కంటికి ఎక్కడ తెలుస్తుందో చూద్దాం. నంది హిల్స్ మీద సూర్యోదయానికి ముందు తీసిన ఫొటో అనుకోండి. ఆకాశం ఎడమ నుంచి కుడికి మెల్లగా వెలుగెక్కుతోంది. నీలం విలువ 180 నుంచి 220 దాకా వెళ్తోంది, అంటే 40 మెట్లు. 4కే స్క్రీన్ అడ్డంగా 3,840 చుక్కలు. భాగిస్తే ఒక్కో మెట్టు 96 చుక్కల వెడల్పు పట్టీగా పరుచుకుంటుంది. పట్టీకి పట్టీకి మధ్య తేడా చిన్నదే అయినా, అంచులను పట్టుకోవడంలో మన కన్ను చాలా చురుకు. దీన్నే బ్యాండింగ్ అంటారు. అదే ఆకాశం 10-బిట్‌లో 160 మెట్లవుతుంది, ఒక్కో పట్టీ 24 చుక్కలే. అంచు దాదాపు కనపడదు.

అయితే కెమెరా నుంచి వచ్చిన ఫొటోలో కాస్తో కూస్తో నాయిస్ ఉంటుంది. ఆ గింజలు పట్టీల అంచులను చెరిపేస్తాయి. అందుకే కల్యాణ మండపంలో ఎక్కువ ఐఎస్‌ఓతో (అంటే కెమెరా సున్నితత్వం పెంచి) తీసిన ఫొటోలో చారలు కనపడవు. నాయిస్ తీసేసే టూల్ ఒకసారి నడిపాక గోడ మీద, తెర మీద ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి. అప్పుడు మానిటర్‌ని అనుమానిస్తాం. ఆ చారలు ఫైల్ లోపలే పుట్టి ఉండవచ్చు.

కేబుల్‌లో పట్టేదెంత: లెక్క వేసి చూస్తే

మినీ పీసీల విషయంలో తరచుగా ఇరుకయ్యేది పోర్ట్. 4కే అంటే 3,840 × 2,160, సెకనుకు 60 సార్లు. చుక్కలతో పాటు వరసల మధ్య వదిలే ఖాళీ సమయాన్ని కూడా కలిపితే హెచ్‌డీఎంఐ ప్రామాణిక పద్ధతిలో సెకనుకు 59.4 కోట్ల చుక్కలు పంపాలి. ఒక్కో చుక్కకి 24 బిట్లయితే 14.26 గిగాబిట్లు, 30 బిట్లయితే 17.82 గిగాబిట్లు.

హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం 18 గిగాబిట్లు అని రాస్తారు. చూడగానే 17.82 అందులో పట్టేస్తుందనిపిస్తుంది. కానీ ఆ 18లో ఐదో వంతు సిగ్నల్‌ని భద్రంగా చేర్చే ఏర్పాటుకే పోతుంది. బొమ్మకి మిగిలేది 14.4. అంటే 4కే, 60 హెర్ట్జ్, 8-బిట్ ఆర్‌జీబీ అంచుదాకా నిండి సరిగ్గా పట్టింది. 10-బిట్ ఆర్‌జీబీ పట్టదు. మానిటర్, కంప్యూటర్ రెండూ ఏ లోపమూ లేకుండా ఉన్నా విండోస్ 8-బిట్ అని చూపించడానికి ఇదొక్క కారణం చాలు.

పాత డబ్బాల్లో పరిస్థితి ఇంకా ఇరుకు. హెచ్‌డీఎంఐ 1.4లో బొమ్మకి మిగిలేది 8.16 గిగాబిట్లే, కాబట్టి 4కేలో 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్‌తో వచ్చిన కొన్ని నక్ అనే మినీ పీసీ మోడళ్లలో హెచ్‌డీఎంఐ 1.4 ఉండేది, పక్కనే మినీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండేది. ఒకే డబ్బా వెనక రెండు పోర్టులు, రెండిటి సామర్థ్యమూ వేరు. డిస్‌ప్లేపోర్ట్ 1.2లో బొమ్మకి 17.28 గిగాబిట్లు దొరుకుతాయి. ఖాళీ సమయాన్ని తగ్గించి పంపే పద్ధతి వల్ల 4కే 60 హెర్ట్జ్ 10-బిట్‌కి దానికి కావలసింది దాదాపు 16. హాయిగా పట్టేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఆఫీసు డబ్బాలకు డిస్‌ప్లేపోర్ట్ సాధారణంగా ఉంటుంది. ఇంట్లో టీవీ కేబుల్ ఉంది కదా అని హెచ్‌డీఎంఐకే తగిలించడం వల్ల ఆ పోర్ట్ వాడకుండా ఉండిపోతుంది.

యూఎస్‌బీ-సి దగ్గర మరో చిక్కు. ఆ కనెక్టర్‌లో వేగంగా డేటా పంపే దారులు నాలుగు. నాలుగూ బొమ్మకే ఇస్తే పూర్తి సామర్థ్యం. మధ్యలో హబ్ పెట్టి, దానికే పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్ తగిలిస్తే, చాలా హబ్‌లు రెండు దారులు డేటాకి ఇచ్చి రెండే బొమ్మకి వదులుతాయి. పాత వేగంలో ఆ రెండు దారుల సామర్థ్యం 8.64 గిగాబిట్లు, 4కే 30 హెర్ట్జ్‌కి సరిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 వేగంలో అయితే 12.96. 4కే 60 హెర్ట్జ్ 8-బిట్‌కి కావలసింది 12.8. మళ్లీ అంచున పట్టింది, మళ్లీ 10-బిట్‌కి చోటు లేదు.

అడ్డంకి దారిలోనే ఉందా అని తేల్చుకోవడానికి ఒక తేలిక గుర్తుంది. రిఫ్రెష్ రేటు 60 నుంచి 30కి తగ్గించగానే గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లో 10-బిట్ ప్రత్యక్షమైతే, మానిటర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఆ శక్తి ఉన్నట్టే. ఇరుకు పోర్ట్‌లోనో, కేబుల్‌లోనో, మధ్యలో పెట్టిన అడాప్టర్‌లోనో ఉంది. 30 దగ్గర కూడా రాకపోతే, తన సామర్థ్యం ఇదీ అని మానిటర్ కంప్యూటర్‌కి చెప్పుకునే ఈడీఐడీ సమాచారం వైపు చూడాలి. రెండు కంప్యూటర్లకు ఒకే మానిటర్ వాడే కేవీఎం స్విచ్‌లు, చవక కన్వర్టర్లు ఈ సమాచారాన్ని మధ్యలో మార్చేస్తుంటాయి. కొన్ని మానిటర్ల మెనూలో ‘డీప్ కలర్’ లాంటి పేరుతో ఒక స్విచ్ ఉంటుంది. అది ఆపి ఉంటే మానిటరే తన సామర్థ్యాన్ని తగ్గించి చెప్తుంది.

ఇక 2,560 × 1,440 మానిటర్ వాడేవాళ్లకి 60 హెర్ట్జ్ దగ్గర ఈ గొడవ దాదాపు లేదు. 10-బిట్‌కి కూడా 7.25 గిగాబిట్లు చాలు.

కేబుల్ గురించి ఒక్క మాట. డిజిటల్ సిగ్నల్‌లో నాసి కేబుల్ వల్ల రంగు వెలిసిపోవడం ఉండదు. మెరుపులు రావడం, స్క్రీన్ క్షణంపాటు నల్లబడటం, లేదా డిస్‌ప్లేపోర్ట్ అయితే తక్కువ వేగానికి దిగిపోవడం జరుగుతాయి. బంగారు పూత కేబుల్‌తో రంగులు బాగుపడతాయన్న మాటకి ఆధారం లేదు.

10-బిట్ వచ్చింది, జరీ అంచు మసకబారింది

మా పిన్ని కొడుకు కేఆర్ పురంలో ఉంటాడు, పెళ్లి ఫొటోలు ఎడిట్ చేస్తాడు. హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న మినీ పీసీ, 4కే మానిటర్. డ్రైవర్ సెట్టింగ్స్‌లో వెతికి వెతికి 10-బిట్ పెట్టగలిగానని సంతోషంగా ఫోన్ చేశాడు. కాసేపటికి మళ్లీ ఫోన్. ‘అన్నా, 10-బిట్ వచ్చింది గానీ ఎర్ర అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. చీర అంచు కూడా అంతే.’

వెళ్లి చూశాను. పెళ్లికూతురి కంచిపట్టు చీర, కుంకుమరంగు మీద సన్నటి జరీ గీతలు. వంద శాతం జూమ్‌లో ఆ గీతల పక్కన ఎరుపు, బంగారు రంగు ఒకదానిలోకి ఒకటి పాకినట్టు కనిపిస్తున్నాయి. ఫైల్ బాగానే ఉంది. అదే ఫైల్ ఫోన్‌లో చూస్తే గీతలు విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి.

ఇరుకు దారిలో 10-బిట్ పట్టించడానికి డ్రైవర్ ఒక బేరం ఆడుతుంది. ఆర్‌జీబీ వదిలేసి ‘వైసీబీసీఆర్ 4:2:2’ అనే రూపంలోకి మారుతుంది. ఇందులో ప్రతి చుక్కకీ వెలుగు విలువ విడిగా పంపుతారు, రంగు విలువ మాత్రం పక్కపక్కనున్న రెండు చుక్కలకు కలిపి ఒకటే. 4:2:0 అయితే నాలుగు చుక్కలకు ఒకటి. సినిమా చూసేటప్పుడు ఈ తేడా పట్టుకోవడం కష్టం, టీవీ ప్రపంచం అంతా దీని మీదే నడుస్తోంది. ఒక చుక్క వెడల్పు జరీ గీతకి, ఎర్రటి సన్న అక్షరానికి మాత్రం ఇది శత్రువు.

అంటే అతనికి మెట్లు పెరిగాయి, రంగు వివరం అడ్డంగా సగానికి పడిపోయింది. ఫొటో ఎడిటింగ్‌కి ఈ బేరంలో లాభం లేదని నా అభిప్రాయం. మామూలు ఎస్‌డీఆర్ (అంటే హెచ్‌డీఆర్ కాని) పనికి హెచ్‌డీఎంఐ 2.0 మీద 4కే 60 హెర్ట్జ్ అయితే, 10-బిట్ 4:2:2 కన్నా 8-బిట్ ఆర్‌జీబీయే నమ్మదగింది. అతని డబ్బాకి డిస్‌ప్లేపోర్ట్ కూడా ఉంది. దానికి మార్చాక 10-బిట్, ఆర్‌జీబీ రెండూ ఒకేసారి వచ్చాయి, జరీ గీతలు విడిపోయాయి.

అన్నిటికన్నా నష్టం చేసేది: 16 నుంచి 235

బిట్ల లెక్క పక్కనే డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఇంకో మాట ఉంటుంది. ఇంటెల్‌లో ‘క్వాంటైజేషన్ రేంజ్’, ఎన్‌విడియాలో ‘అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్’. ఏఎమ్‌డీలో ‘పిక్సెల్ ఫార్మాట్’ లోపలే ఫుల్, లిమిటెడ్ అని కలిపి ఇస్తారు. లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కి దీని పేరు ‘బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ’. పేర్లు ఎన్నున్నా విషయం ఒకటే. కంప్యూటర్ల అలవాటు ప్రకారం నలుపు అంటే 0, తెలుపు అంటే 255. టీవీల అలవాటు ప్రకారం నలుపు 16, తెలుపు 235.

హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది. అది అనుసరించే సీటీఏ-861 ప్రమాణం ప్రకారం 1080పీ లాంటి టీవీ రూపాల్లో బొమ్మ వస్తే మామూలుగా లిమిటెడ్ రేంజ్ అనుకోవాలి. మన మానిటర్ కూడా 1080పీ లేదా 2160పీలోనే ఉంటుంది కాబట్టి అవతలున్నది టీవీయా, మానిటరా అని గ్రాఫిక్స్ చిప్ ఊహించాల్సి వస్తుంది. ఆ ఊహ తప్పినప్పుడు రెండు రకాలుగా దెబ్బ తగులుతుంది.

మొదటిది: కంప్యూటర్ 16–235 పంపింది, మానిటర్ 0–255 అనుకుంది. అప్పుడు నలుపు బూడిదరంగులో, తెలుపు కాస్త మాసినట్టు, ఫొటో మొత్తం పల్చగా కనిపిస్తుంది. ఎడిటర్ ఏం చేస్తాడు? కాంట్రాస్ట్ పెంచి, నీడలను కిందికి లాగుతాడు. స్క్రీన్ మీద బాగుంటుంది. ఆల్బమ్ ప్రింట్ అయి వచ్చేసరికి పెళ్లికొడుకు జుట్టు, నల్ల కోటు మడతలు, అమ్మాయి జడ ఒకే నల్ల ముద్ద. రెండోది దీనికి తిరగేసింది: కంప్యూటర్ 0–255 పంపితే మానిటర్ 16–235 అనుకుంటుంది. 16 కన్నా కింద ఉన్నవన్నీ నల్లగా, 235 పైన ఉన్నవన్నీ తెల్లగా కలిసిపోతాయి. తలంబ్రాల ముత్యాల మీద మెరుపు, తెల్ల పంచె నేత కనపడవు. ఎడిటర్ నీడలు పైకి లేపుతాడు, ప్రింట్‌లో ఫొటో వెలిసిపోయినట్టు వస్తుంది.

రెండు వైపులా లిమిటెడ్ అనే ఒప్పుకుంటే బొమ్మ సరిగ్గానే కనిపిస్తుంది గానీ 256 మెట్లు 220కి కుదించుకుపోతాయి. అప్పుడు కొంచెం బ్యాండింగ్ పెరుగుతుంది. అది చిన్న నష్టం. మొదటి రెండూ మాత్రం కస్టమర్‌కి డబ్బు వెనక్కివ్వాల్సిన స్థాయి నష్టాలు, 10-బిట్ లేకపోవడం వల్ల అంత నష్టం ఎప్పుడూ రాదు. మ్యాక్ మినీని హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు కూడా కొన్ని మానిటర్లను అది టీవీగా అనుకుని ఆర్‌జీబీ కాకుండా వీడియో రూపం పంపడం ఉంది. అక్కడ కూడా యూఎస్‌బీ-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే కేబుల్ వాడితే ఈ ఊహాగానం చాలావరకు ఆగిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి 0 నుంచి 30 వరకు విలువలున్న బూడిదరంగు గడుల బొమ్మ ఒకటి చాలు. 0 నిండు నలుపుగా ఉండి, 5, 8, 12 గడులు సన్నగానైనా విడిగా తెలిస్తే రెండు చివరలా ఒకే భాష నడుస్తోందన్నమాట. 16 దాకా అన్నీ ఒకే నలుపైతే రెండో రకం. 0 గడే బూడిదగా ఉంటే మొదటి రకం.

ప్యానెల్ నిజంగా 10-బిట్టేనా?

‘107 కోట్ల రంగులు’ అని రాసిన ప్యానెళ్లలో చాలావరకు 8-బిట్ ప్లస్ ఎఫ్‌ఆర్‌సీ రకం. రెండు పక్కపక్క స్థాయులను అతి వేగంగా మార్చి మార్చి చూపి, మధ్య స్థాయి ఉన్నట్టు కంటికి అనిపించేలా చేస్తారు. చవక 8-బిట్ ప్యానెళ్లలో కొన్ని కూడా 6-బిట్ ప్లస్ ఎఫ్‌ఆర్‌సీయే. ఇది అబద్ధపు 10-బిట్ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కదలని ఫొటో మీద, మామూలు దూరంలో కూర్చుని చూస్తే 8-బిట్ ప్లస్ ఎఫ్‌ఆర్‌సీకీ అసలు 10-బిట్‌కీ తేడా చెప్పడం చాలా కష్టం. దీని గురించి ఎక్కువ బెంగపడనక్కర్లేదు.

దారి బాగుంది, మరి ప్రోగ్రామ్?

కేబుల్ మీద 10-బిట్ వెళ్తున్నంత మాత్రాన ఫొటోషాప్ 10-బిట్ చూపిస్తోందని కాదు. ఇవి రెండు వేర్వేరు స్విచ్‌లు. కేబుల్ మీద 10-బిట్ ఉండి ప్రోగ్రామ్ 8-బిట్టే ఇస్తే, 256 మెట్లే 10-బిట్ డబ్బాలో ప్రయాణిస్తాయి. ఫొటోషాప్‌లో పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్ లోపల ‘30 బిట్ డిస్‌ప్లే’ ఆన్ చేయాలి, గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఎన్‌విడియా దీన్ని ఖరీదైన క్వాడ్రో కార్డులకే ఇచ్చేది. 2019 జులైలో వచ్చిన స్టూడియో డ్రైవర్‌తో మామూలు జీఫోర్స్ కార్డులకూ ఇచ్చింది. ఏఎమ్‌డీ డ్రైవర్‌లో ‘కలర్ డెప్త్’ వేరు, ‘10-బిట్ పిక్సెల్ ఫార్మాట్’ వేరు. మొదటిది కేబుల్‌కి, రెండోది ప్రోగ్రామ్‌కి. మ్యాక్‌లో ఈ మద్దతు 2015లో వచ్చిన ఎల్ క్యాపిటన్ నుంచి ఉంది.

క్యాలిబ్రేషన్ కూడా మెట్లు తినేస్తుంది. స్క్రీన్ మీద పెట్టే కలర్ మీటర్‌తో సరిచేసినప్పుడు, నీలం ఎక్కువైందని దాన్ని 90 శాతానికి తగ్గించారనుకోండి. 8-బిట్ దారిలో నీలానికి ఉన్న 256 మెట్లు 230 దగ్గరికి వస్తాయి, కొన్ని మెట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. బూడిదరంగు గ్రేడియెంట్‌లో అక్కడక్కడా పింక్, ఆకుపచ్చ ఛాయలు కనిపించడానికి ఇది ముఖ్య కారణం. హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ ఉన్న ఫొటో మానిటర్లు ఈ దిద్దుబాటుని తమ లోపల 14 లేదా 16 బిట్లలో చేసుకుంటాయి కాబట్టి గ్రాఫిక్స్ చిప్ ఇచ్చిన మెట్లు అలాగే నిలుస్తాయి. మినీ పీసీ వాడే ఫొటోగ్రాఫర్‌కి 10-బిట్ మీద పెట్టే ఖర్చు కన్నా దీని మీద పెట్టేది ఎక్కువ ఫలితమిస్తుందని నాకనిపిస్తుంది.

చారలు ఫైల్‌లో ఉన్నాయా, స్క్రీన్‌లో ఉన్నాయా?

ఎంత మంచి మానిటరైనా ఫైల్‌లో పోయిన మెట్లను తిరిగి తేలేదు. ఒక జేపెగ్‌లో నీడ భాగం 10 నుంచి 30 మధ్య ఉందనుకుందాం. మామూలు జేపెగ్ 8-బిట్, కాబట్టి అక్కడ ఉన్నవి 21 విలువలు. కర్వ్స్ అనే టూల్‌తో మూడు రెట్లు పైకి లేపితే అది 30 నుంచి 90 దాకా పరుచుకుంటుంది, కానీ విలువలు ఇంకా 21. మధ్యలో రెండేసి మెట్లు ఖాళీ. ఏ స్థాయిలో ఎన్ని చుక్కలున్నాయో చూపే హిస్టోగ్రామ్‌లో దువ్వెన పళ్లలా కనిపించేది ఇదే. అదే కెమెరా పట్టుకున్న అసలు డేటా ఉండే ‘రా’ ఫైల్ నుంచి 16-బిట్ టిఫ్‌గా తెరిచిన ఫొటోకి ఆ ఒక్కో మెట్టు లోపల 256 చిన్న మెట్లకు చోటుంటుంది. కెమెరా 12-బిట్‌లో 4,096, 14-బిట్‌లో 16,384 స్థాయులు పట్టుకుంటుంది కాబట్టి ఆ చోటులో నింపడానికి అసలు సరుకు కూడా ఉంటుంది. 8-బిట్ మానిటర్ మీద 16-బిట్ ఫైల్‌తో పని చేయడంలో అర్థం లేదని కొందరంటారు. ఈ లెక్క చూస్తే ఆ మాట నిలవదు. చూసేది 8-బిట్ అయినా, లాగి సాగదీసేటప్పుడు ఫైల్‌లో మెట్లు ఉండాలి.

ఒకే ఫొటోని ఫోన్‌లోనూ ఇంకో మంచి స్క్రీన్‌లోనూ చూసినప్పుడు చార అదే చోట కనిపిస్తే అది ఫైల్‌ది. మన స్క్రీన్‌లో మాత్రమే ఉంటే దారిదో, ప్యానెల్‌దో. ఫొటోషాప్‌లో చూసేటప్పుడు వంద శాతం జూమ్ ముఖ్యం. బాగా చిన్నది చేసి చూస్తే, వేగం కోసం అది తయారుచేసుకున్న చిన్న బొమ్మను చూపిస్తుంది, అసలు ఫొటోలో లేని చారలు అందులో కనిపించవచ్చు.

ఇంతకీ 10-బిట్ అవసరమా?

అక్కర్లేదనేవాళ్ల వాదన బలమైనదే. ఆల్బమ్ ల్యాబ్‌కి పంపేది జేపెగ్, అది 8-బిట్. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో బంధువులు చూసేదీ 8-బిట్టే. తుది ఫలితంలో లేనిదాన్ని ఎడిటింగ్ టేబుల్ మీద చూసి ఏం లాభం? పైగా 10-బిట్‌లో నున్నగా కనిపించిన ఆకాశం జేపెగ్‌గా మారాక చారలు పడితే, అది ముందే తెలియకపోవడం ఒక ఇబ్బంది కూడా.

కావాలనేవాళ్లకీ కారణముంది. ఆకాశం, స్టూడియో తెర, పసిపాప చర్మం లాంటి మెత్తటి ఛాయలు రీటచ్ చేసేవాళ్లకి, కనిపించిన చార ఫైల్‌దా స్క్రీన్‌దా అన్న అనుమానం ఎప్పటికప్పుడు తీరడం చాలా విలువైన సంగతి. గ్యామట్ పెద్దదైన మానిటర్ ఉంటే ఈ వాదన ఇంకా బలపడుతుంది.

మామూలు కన్నా చాలా పెద్ద వెలుగు పరిధి ఉండే హెచ్‌డీఆర్ ఫొటోల దగ్గరికి వస్తే త్రాసు 10-బిట్ వైపు మొగ్గుతుంది. 2023లో ఆండ్రాయిడ్ 14తో అల్ట్రా హెచ్‌డీఆర్ ఫొటోలు వచ్చాయి, ఏవిఫ్ లాంటి ఫార్మాట్లు 10-బిట్‌ని నేరుగా దాచుకుంటాయి. నలుపు నుంచి కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు దాకా విస్తరించిన పరిధిని 256 మెట్లలో ఇమిడిస్తే చారలు తప్పవు. హెచ్‌డీఆర్10 ప్రమాణం 10-బిట్‌తో మొదలయ్యేది అందుకే. హెచ్‌డీఆర్ ఆన్ చేసినప్పుడు ఇరుకు దారిలో విండోస్ ‘8-బిట్ విత్ డిథరింగ్’ అని చూపిస్తే, ఎఫ్‌ఆర్‌సీ లాంటి సర్దుబాటే గ్రాఫిక్స్ వైపు నుంచి జరుగుతోందని అర్థం.

‘హెచ్‌డీఎంఐ 2.1’ అని రాసి ఉంటే సరిపోతుందా?

కొత్త మినీ పీసీల పెట్టెల మీద ఇప్పుడు ఈ మాట తరచూ కనిపిస్తోంది. హెచ్‌డీఎంఐ 2.1 గరిష్ఠ సామర్థ్యం 48 గిగాబిట్లు, అందులో 4కే 60 హెర్ట్జ్ 10-బిట్ ఆర్‌జీబీ చిన్న విషయం. కానీ ఆ ప్రమాణంలోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికం. పాత 18 గిగాబిట్ల వేగం దాటని పోర్ట్‌ని కూడా 2.1 అని పిలవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న డబ్బా అయితే ఈ తలనొప్పి తక్కువ. హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్న డబ్బా కొంటుంటే వెర్షన్ నంబర్‌ని పక్కనపెట్టి, సెకనుకు ఎన్ని గిగాబిట్లో స్పెసిఫికేషన్ షీట్‌లో చూడాలి. షీట్‌లో లేకపోతే, ఎస్‌పీ రోడ్డు దుకాణంలో ఆ డబ్బాని 4కే మానిటర్‌కి తగిలించి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీ తెరవమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. 60 హెర్ట్జ్, 10-బిట్, ఆర్‌జీబీ అన్న మూడూ ఒకే పేజీలో ఒకేసారి కనిపించాలి. ఏ ఒక్కటి మారినా డ్రైవర్ ఎక్కడో బేరం ఆడినట్టే.